ఎడమవైపు తలుపు

1979 ఫిబ్రవరి 11, ఆదివారం రాత్రి

బెజవాడకి టీవీ ఇంకా రాదు కాబట్టి చినడాక్టరుగారు హైదరాబాదు నుంచి రీలే తెప్పించి, సాయంత్రం హాల్లో గోడమీద వేయించారు. పాతకాలపు కార్ల మీద కార్యక్రమం. మా నల్లకారుకి పూలదండలు కట్టి, వెనక సీట్లో పెళ్ళికూతురి వేషంలో ఒకమ్మాయిని కూర్చోబెట్టారు. ఆ రోజుల్లో ఊరేగింపులన్నీ ఇందులోనేనట. ఏం ఊరేగింపులు, నా మొహం! ముప్పై ఏళ్ళు నడిపినవాణ్ణి నేను. పెద్దడాక్టరుగారు నా పక్కన కూర్చునేవారు, వెనక సీటు రోగులది. కంకిపాడు నుంచి ఆసుపత్రికి చేరేలోపే ఎందరో అందులో పోయారు. ఎవరు పోయినా ఆ రాత్రంతా ఎడమవైపు తలుపు తీసి ఉంచేవాళ్ళం, దిగి వెళ్ళిపోతారని.

నా భార్య మేరీ ఆ సీట్లోనే పోయిన రాత్రి మాత్రం నేను తియ్యలేదు. ఆరేళ్ళుగా ఆ తలుపు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఈ కార్యక్రమం షూటింగు రోజు నేను మంగళగిరి వెళ్ళకుండా ఉండాల్సింది.

గోడమీది బొమ్మలో, సీటంతా ఖాళీగా ఉన్నా ఆ అమ్మాయి కుడివైపు మూలకి ఒదిగి కూర్చుంది.

"సిగ్గు, పాపం" అని నవ్వారు చినడాక్టరుగారు.

"పక్కనెవరికో చోటిచ్చినట్టుంది కదండీ" అన్నాను. ఆయన నవ్వు ఆగిపోయింది.

కారు ఆగగానే ఎడమవైపు తలుపు బార్లా తెరుచుకుంది. ఆ అమ్మాయి మాత్రం కుడివైపు నుంచి దిగింది.

ఇంటికి రాకుండా నేరుగా షెడ్డుకి వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి, అక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను.