మోకాలి బరువు

మంగళవారం, పొద్దున
షాపు షట్టరు ఎత్తకముందు

కారులో పాప కోసం నేను బిగించిన సీటును నువ్వు తిప్పేశావు. నాకు చెప్పలేదు, అక్కను అడగలేదు. ఏడాది కూడా నిండని పిల్లను, మెడకు తల ఇంకా బరువే అయిన పిల్లను, పెద్దమనిషిలా రోడ్డు వైపు తిప్పి కూర్చోబెట్టావు. క్షేమ సమాచారాలు తర్వాత రాస్తాను బావా, ముందు ఈ మాట చదువు. కావాలంటే రెండుసార్లు చదువు.

ఫోను చేస్తే కట్ చేస్తున్నావు. మెసేజి పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటున్నావు. అందుకే కాగితం. దీన్ని కట్ చేయడం కుదరదు. "సరేలే, డ్యూటీకి టైమైంది" అని మధ్యలో లేచిపోవడం కూడా కుదరదు. అక్క చేత నీ యూనిఫాం చొక్కా జేబులో పెట్టిస్తాను. బస్సు ఎక్కేలోపు చెయ్యి ఎలాగూ జేబులోకి వెళ్తుంది.

పాప బాగుంది. నీకు తెలియని సంగతి కాదు. అయినా శనివారం నుంచి ఈ రెండు మాటలే నాకు నేను చెప్పుకుంటూ తిరుగుతున్నాను. షాపులో కారు సీటు కవరు కుడుతూ కుడుతూ మిషను ఆపి, మన పాప బాగుంది అనుకుని, మళ్లీ తొక్కుతున్నాను. నిన్న ఒక సీటు కవరుకు కుట్టు తిరగవేశానని ఓనరు అరిస్తే నవ్వాను. పిచ్చి పట్టిందా అన్నాడు. లేదండీ, మా అక్క కూతురు బాగుంది అన్నాను.

శనివారం అక్క ఫోను చేసి "లారీని గుద్దేశామే" అంది. అంతే, లైను పోయింది. ఆసుపత్రికి ఎలా వచ్చానో చెప్పలేను. చేతిలో షాపు కత్తెర అలాగే ఉందని గేటు దగ్గర వాచ్‌మన్ పట్టుకునేదాకా నాకు తెలియదు. లోపలికి వచ్చి చూస్తే అక్క మోచేతికి కట్టు, నీ ఛాతీ మీద బెల్టు చార. డాక్టరమ్మ కళ్లలోకి లైటు వేసి చూస్తుంటే, పాప ఆ టార్చిలైటు పట్టుకుని లాగుతోంది. ఆవిడ మెడ చూసింది, వీపు చూసింది, కాళ్లూ చేతులూ ఆడించింది. చివరికి "ఈమెకు ఏమీ కాలేదు, నా లైటుకే ఏదో అయ్యేలా ఉంది" అంది. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. నువ్వు చూసి "సీటు కవర్ల పిల్లకు కుర్చీ కనబడలేదా" అన్నావు. ఆ మాటకు నాకు కోపం రాలేదు.

కోపం ఆ తర్వాత వచ్చింది. వరండాలో ఎవరు కనిపిస్తే వాళ్లకు "ఇన్నేళ్లు బస్సు నడిపిన కాలు ఇది, సమయానికి బ్రేకు మీద పడబట్టి బతికాం" అని చెప్పుకుంటుంటే విన్నాను. నీ కాలును నేను కాదనను. మూటల లారీ ఉన్నపళంగా ఆగితే ఇంకెవరైనా ఇంకా గట్టిగా గుద్దేవాళ్లే. కానీ బ్రేకు కారును ఆపుతుంది బావా, కారులో ఉన్నవాళ్లను కాదు. నువ్వు బెల్టు మీదికి వెళ్లావు, ఆ చార చూసుకో. అక్క చెయ్యి ముందు సీటుకు కొట్టుకుంది. పాప మాత్రం వీపూ మెడా తలా అన్నీ ఒకేసారి సీటు వెన్నులోకి ఒత్తుకుంది, పరుపు మీద పడుకోబెట్టినట్టు. అదే రోడ్డు వైపు తిరిగి ఉంటే భుజాలను పట్టీలు ఆపేవి. తలను ఆపేది ఎవరు? ఆ తర్వాతిది నేను రాయను. నువ్వు కూడా ఊహించకు.

నేను ఆ సీటు బిగించిన రోజు గుర్తుందా? నువ్వు టీ గ్లాసు పట్టుకుని కారు తలుపుకు ఆనుకుని నిలబడ్డావు. అత్తయ్య మెట్ల మీద కూర్చుంది. నేను వెనక సీట్లో దూరి, సీటు పక్కనున్న నీలం గీతల్లోంచి బెల్టు దూర్చి, లాక్ పడేందుకు చివరిదాకా లాగి వదిలి, తర్వాత మోకాలు సీటులో పెట్టి, ఒంటి బరువంతా దాని మీద వేసి, బెల్టు బిగించి లాగుతున్నాను. "సీటు బిగిస్తున్నావా, కారుతో కుస్తీ పడుతున్నావా" అన్నావు. అత్తయ్య అయితే మొదటి నుంచీ సాగదీస్తూనే ఉంది. "తప్పు చేసిన పిల్లను గోడకేసి నిలబెట్టినట్టు ఇదేం కూర్చోబెట్టడమే. పసిదానికి మన మొహాలు చూసే యోగం కూడా లేదా" అంది. వెనక్కి తిరిగినప్పుడు నీలం గీతల దారి, పెద్దదయ్యాక ముందుకు తిప్పితే ఎర్ర గీతల దారి అని నేను చెబుతుంటే, "ఇవేమన్నా రైలు పట్టాలా" అని నవ్వింది.

అయినా చెప్పాను. బెల్టు దూరిన చోట పట్టుకుని ఊపితే సీటు వేలి మందం కూడా కదలకూడదన్నాను. భుజాల పట్టీలు భుజానికి సరిగ్గా గానీ కాస్త కిందనుంచి గానీ రావాలన్నాను. పట్టీని రెండు వేళ్ల మధ్య గిల్లబోతే మడత దొరకకూడదన్నాను. కింద దిండ్లు వద్దు, లోపల మందపాటి స్వెట్టరు వద్దన్నాను. ఇవి నేను కలగన్నవి కావు. సీటుతో వచ్చిన పుస్తకం అట్ట ఊడేదాకా చదివాను, షాపుకు వచ్చిన పాత సీట్లు విప్పి మళ్లీ బిగించి చూశాను. నాకు ఎవరూ నేర్పలేదు, అందుకే తప్పు పోతుందేమోనన్న భయంతో నేర్చుకున్నాను. నువ్వు టీ తాగేసి "అయిందా" అన్నావు.

తర్వాత నీ డిపోలో ఎవడో "మీ పాప వెనక వచ్చే బండ్లకు టాటా చెప్పడానికా అలా కూర్చోబెట్టావు" అన్నాడట. నీకు రోషం పొడుచుకొచ్చింది. ఇంట్లో పాప ఏడుపు, అత్తయ్య సణుగుడు. గురువారం తిప్పేశావు. అక్క అడిగితే "డ్రైవరును నేనా, మీ చెల్లెలా" అన్నావట. అప్పటి నుంచి మీ ఇద్దరికీ మాటలు లేవు. తిప్పినవాడివి దారి అయినా మార్చావా? బెల్టు పాత నీలం దారిలోనే దూర్చావట. మోకాలు పెట్టలేదట. చేత్తో రెండుసార్లు తట్టి, బలే కుదిరింది అన్నావట.

మరి శనివారం పొద్దున ఆ సీటు మళ్లీ వెనక్కి ఎలా తిరిగి ఉంది?

అక్కను అడిగాను. "మీ బావే తిప్పి ఉంటారే, పైకి ఒప్పుకోలేక ఊరుకున్నారు" అంది. అది విని నాకు నీ మీద ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను. దండం పెడదామని వరండాలోకి వచ్చాను. నేను నోరు తెరవకముందే నువ్వు "మీ అక్క నా వెనకాల సీటు తిప్పేసింది, అక్కాచెల్లెళ్లకు నా మాటంటే లెక్కే లేదు" అని మొహం మాడ్చుకున్నావు. పెట్టబోయిన దండం జేబులో వేసుకున్నాను.

అంటే అక్క నువ్వనుకుంది, నువ్వు అక్క అనుకున్నావు. మాటలు లేవు కాబట్టి ఒకరినొకరు అడగలేదు. అడిగి ఉంటే నువ్వు మళ్లీ ముందుకు తిప్పేవాడివి. పెళ్లయినప్పటి నుంచి మీరు మూతులు ముడుచుకుని కూర్చోవడం వల్ల జరిగిన మంచి ఇదొక్కటే.

తిప్పింది మీరిద్దరూ కాదంటే ఎవరో నాకు అంతు పట్టడం లేదు. ఎవరైనా సరే, ముడి వేసినట్టు బిగించారు. గుద్దిన తర్వాత కూడా ఆ సీటు వేలి మందం కదల్లేదు, గ్యారేజీకి వెళ్లి నేనే ఊపి చూశాను. నా భయం అది కాదు. ఒకసారి ఎవరో తిప్పబట్టి బతికింది. ఇంకోసారి ఎవరు తిప్పుతారు? నీ చేతికి ఆ పని రానంత కాలం, నీ మనసుకు అది ఎక్కనంత కాలం, పాప నీ కారు ఎక్కిన ప్రతిసారీ నేను ఇక్కడ సూది విరగ్గొట్టుకుంటూనే ఉండాలి.

ఇక పట్టీల గొడవ. "గీత కూడా పడని సీటు పట్టీలు కత్తిరించింది, ఆ కత్తెర ముందు దాని నోటికి వేయాలి" అని అక్కతో అన్నావట. కత్తిరించాను. షాపు కత్తెరతోనే, ఆసుపత్రికి మోసుకొచ్చిన దానితోనే. అంత గట్టిగా గుద్దుకున్న కారులోని సీటు పైకి బాగానే కనిపిస్తుంది, లోపల ఎక్కడ చిట్లిందో కంటికి ఆనదు. ఇంకోసారి ఆ బరువు మోస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు. పట్టీలు ఉంచితే నువ్వు కడిగి ఆరబెట్టి మళ్లీ పెడతావు, లేదా డిపోలో ఎవరికో ఇచ్చి పుణ్యం అనుకుంటావు. దాని పని అది చేసింది. ఇక దాన్ని వదిలెయ్.

కొత్త సీటు షాపులో ఉంది. అక్కా నేనూ కలిసి తెచ్చాం. నీ కారు రిపేరు శనివారానికి అవుతుందని గ్యారేజీ వాడు చెప్పాడు. ఆదివారం పొద్దున పదింటికి కారు తీసుకుని షాపు ముందుకు రా. ఈసారి నేను బిగించను. నువ్వు బిగిస్తావు, నీ చేతులతో, నీ మోకాలితో. నేను పక్కన టీ గ్లాసు పట్టుకుని నిలబడతాను. వేలి మందం కదిలితే విప్పి మళ్లీ. కదలనంత వరకు పాప కారు ఎక్కదు. అక్క కూడా ఇదే మాట మీద ఉంది, తనను అడిగి చూసుకో. ఎలాగూ మీరు మాట్లాడుకోవడానికి ఒక కారణం కావాలి.

అన్నట్టు అత్తయ్య మోకాలు ఎలా ఉంది? శుక్రవారం మెట్లు దిగుతుంటే పట్టేసిందట. నువ్వు రోజూ డ్యూటీ నుంచి వచ్చి మందు రాస్తున్నావని అక్క చెప్పింది. నీలో నాకు నచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి, అందులో ఇదొకటి. మిగతావి కోపం తగ్గాక రాస్తాను. నీ ఛాతీ మీద చార నొప్పి పెడుతోందా? పెడితే డాక్టరుకు చూపించు, డ్రైవరును కదా అని దాచుకోకు.

వస్తావో రావో శనివారం సాయంత్రం నేను షట్టరు దించేలోగా చెప్పాలి. నోటితో చెప్పాలి. బొటనవేలు బొమ్మ చెల్లదు.

నీ మీద మండిపడుతున్న
నీ మరదలు

తా.క.: మధ్యాహ్నం. ఉత్తరం మడతపెట్టి అక్కకు ఇద్దామనుకుంటుంటే అత్తయ్య షాపుకు వచ్చింది, రిక్షాలో, ఒక్కతే. కొత్త సీటు చూపించమంది. మళ్లీ గోడా యోగమూ మొదలవుతాయనుకుని పళ్లు బిగించాను. ఓనరు కారు బయటే ఉంటే, సరిపోతుందో లేదో చూద్దామని అందులో పెట్టి బెల్టు దూరుస్తున్నాను. ఆవిడ తలుపు దగ్గర నిలబడి కాసేపు చూసి "నీలం గీతల్లోంచేనా" అంది. అవునన్నాను. "అయితే జరుగు" అంది.

నేను జరిగాను. ఆవిడ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని కారులోకి వంగి, కుడి మోకాలు ఎత్తి సీటులో పెట్టింది. పెట్టి "అబ్బా" అని తీసేసి, ఎడమ మోకాలు పెట్టింది. ఒంటి బరువంతా వేసి బెల్టు లాగింది. ఎవరూ చెప్పకుండానే బెల్టు దగ్గర పట్టుకుని ఊపి చూసుకుంది. అప్పుడు నా వైపు చూసింది. నేను ఆవిడ కుడి మోకాలి వైపు చూస్తున్నాను.

మెట్లూ లేవు, పట్టేయడమూ లేదు బావా.

శుక్రవారం నువ్వు అత్తయ్యను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లావు కదా, పాప పక్కన ఆవిడ కూర్చుంది. వీధి చివర స్పీడు బ్రేకరు మీద నువ్వు కాస్త గట్టిగా బ్రేకు వేశావట. పాప తల ముందుకు వాలి వెనక్కి కొట్టుకుందట. "గట్టిగా కూడా కాదే, ఏడవను కూడా లేదు. కానీ ఆ మెడ చూశాను. ఎత్తుకునేటప్పుడు మెడ కింద చెయ్యి పెడతాం. కారులో ఆ చెయ్యి ఎవరు పెడతారు? నువ్వు బిగించిన రోజున ఆ సీటే చెయ్యిలా ఉండింది, నాకప్పుడు తెలియలేదు" అంది. నువ్వు ఇంటికొచ్చి స్నానానికి వెళ్లగానే తాళాలు తీసుకుని కిందికి దిగి, తనే సీటు వెనక్కి తిప్పి, ఆ కుడి మోకాలితోనే బిగించిందట. నన్ను వెక్కిరిస్తూనే అన్నీ చూసి పెట్టుకుంది ఆ మహాతల్లి.

మరి చెప్పలేదేం అని అడిగాను. "తిప్పమని వాడి ప్రాణం తీసింది నేనే. మళ్లీ నేనే తిప్పానంటే వాడు నొచ్చుకుంటాడు. వాడికి చెప్పకు" అంది. చెప్పనని మాటిచ్చాను. చెప్పలేదు, రాశాను.

కాబట్టి పైన రాసినదానిలో ఒక్కటి మారుస్తున్నాను. ఆదివారం అత్తయ్యను వెంట తీసుకురా. బిగించేది నువ్వే. టీ గ్లాసు పట్టుకుని నిలబడేదీ, ఊపి చూసేదీ, చాలు అనేదీ ఆవిడ. ఆవిడ చాలు అనేదాకా నీకు టీ లేదు. ఈ రోజు సాయంత్రం మందు రాసేటప్పుడు ఆ మోకాలిని కాస్త మెల్లగా పట్టుకో, ఎందుకో ఆవిడకు చెప్పకు.

జవాబు శనివారం, షట్టరు దించేలోగా.