ఇంటిల్లిపాదికీ ఒకటే మూకుడు

ధవళేశ్వరం,
మంగళవారం.

అమ్మకి,

నీ కూతురు సాయిదుర్గ నమస్కరించి రాస్తున్నది. నేనూ, నీ అల్లుడూ, హేమశ్రీ బాగున్నాం. ఎప్పుడూ రాసే మాటే గానీ ఈసారి నిజంగానే బాగున్నాం. నాన్న మోకాలి నొప్పి తగ్గి మళ్లీ బోటెక్కుతున్నాడని తమ్ముడు చెప్పాడు. మీరంతా కూడా అక్కడ కులాసాగా ఉన్నారనుకుంటున్నాను.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని విసుక్కోకు. మొదలుపెట్టింది నువ్వే. ఎండు నెత్తళ్ల మూటలో కాగితం మడిచి పంపావు. ఫోన్ అయితే తమ్ముడు స్పీకర్ పెడతాడు, ఓడలరేవులో మన వీధి వీధంతా వింటుంది. నచ్చని మాట వస్తే నువ్వు "సర్లే, ఉంటాను" అని పెట్టేస్తావు. కాగితం అయితే నా మాట చివరిదాకా వినక తప్పదు. మూట అత్తయ్య గారికి ఇచ్చేశాం. నెత్తళ్లు బాగున్నాయని నీకు చెప్పమన్నారు.

నేను ఏ స్వాముల దగ్గరా చేరలేదమ్మా. మెడలో ఏ మాలా లేదు, నాకు ఎవరూ ఉపదేశం ఇవ్వలేదు. మనవాళ్లలో పుట్టి చేప మానేసిందట అని రేవులో అందరూ నవ్వుతున్నారని రాశావు. నవ్వనీ. వాళ్ల నవ్వు ఆగడం కోసం నా ఇంట్లో చేప ఉడకదు.

చేపల బుట్ట మోసి చదివిస్తే ఇప్పుడు ఆ చేపే నీకు కంపు కొడుతోందా అని అడిగావు. ఆ ఒక్క మాట చదివి చాలాసేపు కోపంగా కూర్చున్నాను. చేప వాసన నాకు కంపెలా అవుతుంది? బస్సు మార్కెట్ ముందు ఆగితే నాకు ఇప్పటికీ నోరూరుతుంది. నీ చేతి చందువా పులుసు తలుచుకుంటే అన్నం ఇంకో ముద్ద దిగుతుంది. నీ బుట్ట గురించి ఎవరైనా తక్కువగా మాట్లాడితే వాళ్లని ఊరుకోనని నీకూ తెలుసు. నేను మానింది అసహ్యంతో కాదు.

ఇక అసలు ప్రశ్న. "పిల్లకి పడకపోతే పిల్లకి విడిగా వండు, ఇల్లంతా ఎందుకు నోరు కట్టుకోవాలి?" అని రాశావు. అత్తయ్య గారూ అదే అన్నారు. కాకినాడలో పెదనాన్న గారింట్లో శుభకార్యంలో అందరూ అదే అన్నారు. విడిగా కూడా వండి చూశామమ్మా. నీకు చెప్పలేదు గానీ కొన్ని నెలలు అలాగే గడిచాయి. పాలు, గుడ్లు, చేప, రొయ్య, పీత, ఇవేవీ దానికి పడవని పరీక్షల్లో తేలాక దానికో గిన్నె, దానికో గరిటె, గోడవారగా దానికో చాప. మేమంతా పులుసు కలుపుకుంటుంటే అది తన చాప మీద కూర్చుని మమ్మల్ని చూస్తూ తినేది. ఇటు వస్తుందేమోనని ఒకరం కాపలా. దాని అలవాటు నీకు తెలుసు కదా, నడక వచ్చినప్పటి నుంచీ కంచం కంచం దగ్గరికీ వెళ్లి తలా ఒక ముద్ద తినేది. ఒక రోజు అది చాప మీద నుంచే, "అమ్మా, నేనేం చేశాను? ఇంక చెయ్యను, అక్కడికి రానా?" అంది.

నాలుగేళ్ల పిల్ల, అమ్మా. తను ఏదో తప్పు చేస్తే దూరంగా కూర్చోబెట్టామనుకుంది. ఆ పూట నేను పులుసు గిన్నె తీసుకెళ్లి పక్కింటివాళ్లకి ఇచ్చేశాను. దాన్ని మా వైపు రానివ్వలేకపోతే మేమే దాని వైపు వెళ్దామనుకున్నాను. అంతకు మించి ఇందులో ఏ భక్తీ లేదు, ఏ గొప్పా లేదు.

కోడికూర తినొచ్చు కదా అని నువ్వు అంటావని తెలుసు. కొట్టువాడి కత్తీ ఒకటే, మొద్దూ ఒకటే. చేప కోసిన దాని మీదే కోడినీ కోస్తాడు. కడిగానంటాడు, నేను నమ్మను. అనుమానంతో కలిపి పెట్టే ముద్ద కంటే అనుమానం లేని అరటికాయ మేలు.

రాత్రిళ్లు అల్లుడికి ఏం పెడుతున్నావని కూడా అడిగావు. వేపుడు పెడుతున్నాను. ఆఫీసు నుంచి రాగానే కుక్కర్లో బియ్యం పడేస్తాను. ఆ అన్నం దిగేలోపు కూర అయిపోవాలి, అప్పటికే హేమకి ఆకలి మొదలవుతుంది. మొదట్లో నాకు చేతకాలేదు. ముక్కలన్నీ ఒకేసారి పోసి మూత పెట్టేదాన్ని, నీరు ఊరి ముద్దయ్యేది. నీ అల్లుడు తింటూ ఆవకాయ సీసా కోసం చూసేవాడు. ఇప్పుడు వచ్చింది. ఇనప మూకుడు పొగ వచ్చేదాకా కాలాలి. ముక్కల మీద తడి ఉండకూడదు, మెత్తటి పాత గుడ్డతో ఒత్తి తుడుస్తాను. నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చి చిటపటలాడగానే ముక్కలు వేసి పెద్ద మంట మీద ఆపకుండా తిప్పాలి. ఉప్పు ఆఖర్లోనే. ముందు వేస్తే నీరొదిలేస్తుంది.

నీ అల్లుడు ట్రాక్టర్ సామాన్లు పట్టుకుని మండపేట షాపులకి వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు ఒక్కోసారి రావులపాలెం మీదుగా వస్తాడు. ఆ రోజు పచ్చి అరటికాయలు ఉంటాయి. పల్చటి చక్రాలు తరిగి, వేగాక ఆవపొడీ పచ్చిమిర్చీ చల్లితే చేప ముక్క గుర్తు రాదని ఆయనే అన్నాడు. అబద్ధమే, అయినా అన్నాడు. బెండకాయలైతే వేరుశనగ పొడి. క్యాబేజీ, క్యారట్ సన్నగా తరిగి, నానబెట్టి పిండిన మీల్ మేకర్ వేసి, పైన సోయా సాస్, మిరియాల పొడి వేస్తే నూడుల్స్ బండి దగ్గర వచ్చే వాసనే వస్తుంది. దానికి హేమ పెట్టిన పేరు సుయ్ కూర. మూకుడులో ముక్కలు పడ్డ చప్పుడు వినగానే పీట తెచ్చుకుని కూర్చుంటుంది. నా కంచంలో ఒక ముద్ద, వాళ్ల నాన్న కంచంలో ఒక ముద్ద. ఎవరూ వద్దనరు.

ఆయనకి చేప మీద మనసు చావలేదు, దాచడం ఎందుకు. స్నేహితుల దగ్గర తింటాడు. తిన్న రోజు ఇంటికొచ్చి, పిల్లని పలకరించకుండానే తిన్నగా బాత్‌రూమ్‌లోకి వెళ్లి, స్నానం చేసి బట్టలు మార్చుకుని అప్పుడు ఎత్తుకుంటాడు. నేను నేర్పింది కాదు, తనే పెట్టుకున్న పద్ధతి.

పాలు లేకుండా పిల్లకి బలమెలా వస్తుందని బెంగ పెట్టుకోకు. రాగులు, నువ్వులు, పప్పులు, సోయా, వేరుశనగలు అన్నీ డాక్టరు గారిని అడిగే పెడుతున్నాను. బరువు పెరిగింది. పాత గౌన్లు పొట్టివైపోయాయి. మేడ మెట్లు ఎక్కి దిగుతూ ఒక్క క్షణం కుదురుగా ఉండదు.

మేడ మెట్లు అన్నానని ఆశ్చర్యపోతున్నావా? రాజమండ్రిలో అత్తయ్య గారింటికి మేడ లేదు కదా. పైన ధవళేశ్వరం అని రాసింది చూసి, ఆఫీసులో కూర్చుని రాశాననుకుని ఉంటావు. ఇక్కడి నుంచి ఉత్తరం తమ్ముడి చేత చదివించకు. నువ్వే కూడబలుక్కుని చదువుకో.

మేం వేరు వచ్చేశాం. ఆఫీసుకి దగ్గరని వెళ్లారని అత్తయ్య గారు ఇక్కడ అడిగినవాళ్లకి చెబుతున్నారు. కారణం అది కాదు. హేమ హాస్పిటల్ నుంచి వచ్చాక అందరం జాగ్రత్తగా ఉన్నాం. ఉన్నామనుకున్నాను. నేను చేప మానినా అత్తయ్య గారి వంట మారలేదు. ఒకనాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి హేమ మూతి చుట్టూ దద్దుర్లు, పెదవి ఉబ్బింది. మందు వెంటనే పడింది కాబట్టి హాస్పిటల్ దాకా పోలేదు. అత్తయ్య గారు పప్పన్నంలో నెయ్యి వేశారు.

"వేలి చివరంత వేశానమ్మా. నెయ్యి పాలెలా అవుతుంది?" అన్నారు.

ఆవిడ పిల్లకి చెడు తలపెట్టలేదు. అది నాకు తెలుసు. కానీ తలపెట్టకపోయినా పిల్ల పెదవి ఉబ్బింది. ఇక ఈ ఇంట్లో పాలు, గుడ్లు, చేప ఏవీ పొయ్యి ఎక్కకూడదండీ అన్నాను. ఈ పొయ్యి నాది, నా కాలు చెయ్యి ఆడినన్నాళ్లూ ఏం వండాలో నేనే చెబుతానన్నారు ఆవిడ. ఆ మాటా న్యాయమే.

"అయితే నేను వేరే పొయ్యి చూసుకుంటానండీ," అన్నాను.

నీ అల్లుడు గుమ్మంలో నిలబడి వింటున్నాడు. ఎటు మాట్లాడతాడోనని ఆయన వంక చూశాను. మర్నాడు ఆటో పిలిచి, గ్యాస్ బండ తనే భుజాన పెట్టుకుని తీసుకెళ్లి అందులో పెట్టాడు. అత్తయ్య గారు వాకిట్లోకి రాలేదు. పెట్టేబేడా సర్దుకుని కోడలు కొడుకుని లాక్కుపోయిందని ఎవరైనా అంటే, లాక్కుపోయిందనే చెప్పు. నేనేమీ అనుకోను.

ఇంకో మాట ఉంది. ఇది రాయాలా వద్దా అని ఇంతసేపూ వంటల గురించి రాసుకుంటూ వచ్చాను. మొదటిసారి, చేప పులుసు కలిపిన అన్నం తిని హేమకి ముఖమంతా వాచి ఊపిరి ఈలలా వచ్చిన రోజు, దాన్ని ఐసీయూలోకి తీసుకెళ్లాక బయట బెంచీ మీద నేనూ అత్తయ్య గారే ఉన్నాం. చేప తింటే దద్దుర్లు వస్తున్నాయి, పెట్టొద్దని ముందే అన్నాను కదా, ఎందుకు పెట్టారండీ అని అడిగాను. ఆవిడ ఏడుస్తూ చెప్పారు.

"నా అంతట నేను పెట్టలేదమ్మా. మీ అమ్మని అడిగాకే పెట్టాను. చిన్నప్పుడు నీకు రొయ్య పడకపోతే కొంచెం కొంచెంగా అలవాటు చేశానని ఆవిడే చెప్పింది."

అప్పటి నుంచీ నాకు తెలుసు. నీ అల్లుడికి చెప్పలేదు, చెప్పను కూడా. నీకు తెలిసిన వైద్యం నువ్వు చెప్పావు. నాకు దురదలతో పోయింది, దానికి ప్రాణం మీదికి వచ్చింది. రెండూ ఒకటి కావని నీకు ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం నువ్వు బుట్ట దించి తిన్నగా హాస్పిటల్‌కి వచ్చావు. ఐసీయూ తలుపు దాకా వచ్చి లోపలికి రాలేదు. చేతులు కొంగులో దాచుకుని, "చేపల చెయ్యి, నేను రాను," అని అద్దంలోంచి చూసి వెళ్లిపోయావు. ఆ తర్వాత మళ్లీ దాన్ని ఎత్తుకోలేదు. పండక్కి పిలిచినా ఏదో వంక చెప్పావు. ఇప్పుడేమో నెత్తళ్ల మూట పంపి, నీకు చేప కంపు కొడుతోందా అని నన్ను దెబ్బలాడుతున్నావు. నీ కోపం ఎవరి మీదో నాకు తెలియదా అమ్మా?

అత్తయ్య గారు మొన్న ఆదివారం మా ఇంటికి వచ్చారు. నేను ఏమీ చెప్పకుండానే కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నారు. కాకరకాయ వేపుడు తిని ఉప్పు తక్కువైందన్నారు. హేమ ఆవిడ కంచంలోంచే తింది. ఆవిడ రాగలిగారు. ఒక్క గడప దాటడానికి నీకు ఇంత భయమేమిటి? సముద్రం మీదికి మొగుణ్ణి పంపే మనిషివి.

తమ్ముడి పెళ్లికి వస్తున్నాం. పిల్లని ఎవరింట్లోనైనా వదిలి రమ్మని రాశావు, వదలను. మేనకోడలు లేకుండా వాడికి పెళ్లేమిటి? నా మూకుడు, నా గ్యాస్ స్టవ్ నేనే తెచ్చుకుంటాను. పెరట్లో ఒక మూల నాకు వదలండి, మీ వంటవాళ్లు అటు రాకూడదు. మీ పెళ్లిభోజనంలో చేపలు, రొయ్యలు మీ ఇష్టం, నేను ఒక్క మాట అనను. మా ముగ్గురికీ మాత్రం నా వంటే. కూర ఎక్కువే చేస్తాను, తినే వాళ్లు తింటారు, నవ్వే వాళ్లు నవ్వుతారు.

నాకు కావాల్సింది ఒక్కటే. ఆ రోజు నువ్వు బుట్ట ముట్టుకోకు. తలస్నానం చేసి, పెట్టెలో దాచుకున్న చీర కట్టుకుని, పెరట్లో నా స్టవ్ పక్కన పీట వేసుకుని కూర్చో. హేమ నీ ఒళ్లో కూర్చుంటుంది. నీ చేత్తోనే దానికి ముద్దలు పెట్టు. నేను పక్కనే ఉంటాను, నీ చేతుల వంక ఒక్కసారి కూడా చూడను.

ఇట్లు,
నీ మాట ఒక్కటీ వినని
నీ కూతురు
సాయిదుర్గ