వెనక బండి వారికి మనవి

మామయ్యకి నమస్కారాలు.

అక్కడ నువ్వూ అత్తయ్యా కులాసా అని తలుస్తాను. నేను మాత్రం కులాసాగా లేను. అక్షరాలు వంకరగా ఉన్నాయని కలాన్ని తిట్టుకోకు, బండిలో కూర్చుని ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను.

అద్దాల షాపులో కోత బల్ల దగ్గరనుంచి నన్ను డెలివరీ వ్యాను మీదికి మార్చారని అమ్మ రాసే ఉంటుంది. ఈ పని కోసం ఎన్నాళ్ళు కాళ్ళరిగేలా తిరిగానో నీకు తెలుసు. అద్దాలని వ్యానులో పడుకోబెట్టరు మామయ్యా, నిలబెడతారు. చెక్క స్టాండుకి ఆనించి, మధ్యమధ్య దుప్పటి ముక్కలు పెట్టి, తాళ్ళతో బిగిస్తాం. మెల్లగా పోతే కిక్కురుమనవు. గట్టిగా బ్రేకు పడిందా, వెనకనుంచి టిక్ అని చిన్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వింటే నా పై ప్రాణాలు పైనే పోతాయి.

కిందటి నెల కుక్క అడ్డం వచ్చి ఒకసారి ఆ చప్పుడు విన్నాను. మా యజమాని అరవలేదు. "ఇంకొక్కటి పగిలితే బండి తాళాలు మా అల్లుడికిస్తాను, నువ్వు మళ్ళీ బల్ల దగ్గరికి పోదువు గాని" అన్నాడు, అంతే. ఆ అల్లుడు రోజూ నా పక్కన నిలబడే టీ తాగుతాడు, నా చేతిలో తాళాల వంక చూస్తూ.

అసలు బెడద క్వారీ రోడ్డు. ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క లోయ. దాటి పోవడానికి చోటు ఉండదు. అక్కడ రోజూ ఒక బూడిదరంగు కారు నా తోక పట్టుకుంటోంది. నా వెనక అద్దంలో దాని మూతి తప్ప ఆకాశం కూడా కనబడదు. నేను మళ్ళీ ఒక కుక్క కోసం బ్రేకు వేస్తే ఆ పెద్దమనిషి తిన్నగా వచ్చి నా దుప్పటి ముక్కల మధ్య కూర్చుంటాడు. వేగం పెంచితే వాడూ పెంచుతాడు. తగ్గిస్తే హారన్ కొడతాడు. ఏం చెయ్యమంటావు?

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క.: అమ్మకి ఇదేమీ రాయకు. నేను ఇంటికి చేరేదాకా గుమ్మంలోనే నిలబడుతోంది. కాళ్ళ సంగతి సరే, ఆ గుమ్మం ఎన్నాళ్ళు ఆగుతుందో తెలియదు.

---

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి కడుపు మండిపోయింది. బతుకంతా రోడ్ల పక్కన నిచ్చెనెక్కి బోర్డులు రాసినవాణ్ణి. నిచ్చెన మీదనుంచి చూస్తే బండి తోలేవాళ్ళ బుద్ధులన్నీ కనబడతాయి. ఈ తోక పట్టుకునే జాతిని నేను ముఖం చూసి చెప్పేస్తాను. కళ్ళు రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయి, గడ్డం ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది, నోరు మూతపడదు. అలాంటివాడు ఎక్కడ కనబడినా గుర్తుపట్టగలను.

వాడితో పంతానికి పోకు. బుద్ధి చెబుదామని బ్రేకు తొక్కకు, బెదిరి వేగం పెంచకు. చోటు దొరికిన చోట పక్కకి తీసి పోనియ్యి. కానీ దానితో సరిపెట్టుకోమని నేను చెప్పను. మర్యాదగా చెబితే వినని మనిషి ఉండడు. మనవాళ్ళు ఎవరూ చెప్పరు, అదీ లోపం. అందుకని ఈ ఉత్తరంతోపాటు పార్సిల్లో బోర్డు పంపుతున్నాను. వెనక తలుపుకి బిగించు.

"వెనుక వచ్చువారికి మనవి. ఈ బండియందు అద్దములు గలవు. దయచేసి ఎడముగా రాగలరు."

'దూరంగా' కంటే 'ఎడముగా' మర్యాద అని ఆ మాటే వేశాను. పచ్చ రంగు మీద తెల్ల అక్షరాలు. నీడలు కూడా దిద్దాను.

ఇట్లు,
ఆశీర్వదిస్తూ,
మామయ్య

తా.క.: బోర్డు హడావుడిలో కళ్ళజోడు కాడ విరిగింది. ఎర్రదారంతో చెవికి కట్టుకున్నాను. మఫ్లరు నిండా పచ్చరంగు అయింది. కొత్తవి కొనమని మీ అత్తయ్య గోల. చెవి ఉండగా కాడ ఎందుకో నాకు అర్థం కాదు.

---

మామయ్యకి నమస్కారాలు.

బోర్డు బిగించాను. షాపులో అందరూ మెచ్చుకున్నారు. కానీ రోడ్డు మీద పరిస్థితి విషమించింది.

ఇంతకుముందు బూడిద కారు ఒక్కటే. ఇప్పుడు లారీ, పాల బండి, ఆఖరికి పెళ్ళాంపిల్లలతో పోయే మోటారు సైకిలు కూడా మీదికొచ్చి పడుతోంది. నా వ్యానులో ఏముందని ఇందరికి నా మీద కక్ష?

బూడిద కారు మనిషి సంగతి చెబుతాను. వాడు నిన్న స్టీరింగు మీదికి వంగి, కళ్ళు చిట్లించి, పెదాలు కదుపుతున్నాడు. ఏదో అంటున్నాడు మామయ్యా, ఆగకుండా అంటున్నాడు. నువ్వు చెప్పినట్టు మలుపు దగ్గర కాస్త వెడల్పు ఉంటే పక్కకి తీసి ఆపాను. వాడు దాటి పోవాలి కదా. పోలేదు. నా వెనకే ఆపాడు. ఇంజను ఆపకుండా, ముందుకి వంగి, పెదాలు కదుపుతూ కూర్చున్నాడు. నేను తలుపులు లోపలనుంచి గడియ వేసుకున్నాను. గోడ అటు, లోయ ఇటు, మధ్యలో మేమిద్దరం. వెనకనుంచి లారీవాడు హారన్ కొట్టేదాకా కదల్లేదు. దాటిపోయేటప్పుడు నా వంక చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ ఊపుకి అర్థమేమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

భయంగా ఉంది. అన్నం సహించడం లేదు.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క.: యజమాని అల్లుడు ఇవాళ టీ తాగుతూ డ్రైవరు సీటు తనకి సరిపోతుందో లేదో ఎక్కి చూసుకున్నాడు. సరిపోయింది.

---

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

పొరపాటు ఎక్కడుందో పట్టేశాను. బోర్డు మరీ ముక్తసరిగా ఉంది. మూడు ముక్కల్లో మనవి చేస్తే అవతలివాడికి ఆజ్ఞాపించినట్టు అనిపిస్తుంది. మనుషులు నొచ్చుకున్నారు. ఆ పెదాలు కదిపినవాడు తప్పకుండా తిడుతూ ఉండి ఉంటాడు, తల ఊపింది కూడా అందుకే.

కొత్త బోర్డు పంపుతున్నాను. పాతది తీసి ఇది బిగించు. "మహారాజశ్రీ వెనుక బండి వారి దివ్యసముఖమునకు" అని మొదలుపెట్టాను. తమరికి తొందర పని ఉండవచ్చును, మేము కాదనము అన్నాను. అద్దము యొక్క స్వభావము, బ్రేకు వలన కలుగు నష్టము, ఈ బండి నడుపు పిల్ల యొక్క కష్టము, అన్నీ విడివిడిగా పేరాలు కట్టాను. చోటు చాలక అక్షరాలు కాస్త చిన్నవి చెయ్యాల్సి వచ్చింది. అయినా దగ్గరగా చూస్తే ముత్యాలే.

వెంటనే ఫలితం రాయి. మనసంతా అక్కడే ఉంది.

ఇట్లు,
మామయ్య

తా.క.: నాలుగో పేరాలో చిన్న చమత్కారం పెట్టాను. "అద్దములో తమ ముఖము చూచుకొన గోరువారు షాపునకు దయచేయగలరు. రోడ్డు మీద చూపబడదు." నవ్వితే మనిషి మెత్తబడతాడు.

---

మామయ్యకి నమస్కారాలు.

నీ బోర్డుకి ఫలితం కనబడింది. కూర్చుని చదువు.

నిన్న క్వారీ రోడ్డు దిగుతున్నాను. బూడిద కారు ఎంత దగ్గరగా వచ్చిందంటే దాని మూతి కూడా నా అద్దంలో కనబడలేదు, ఆ మనిషి ముఖమే కనబడింది. పెదాలు కదులుతున్నాయి. ఉన్నట్టుండి తల వెనక్కి వాల్చి పకపకా నవ్వాడు. స్టీరింగు మీద చెయ్యి లేదు. అదే సమయానికి మలుపులో ఎదురుగా రాళ్ళ లారీ. బ్రేకు తొక్కాను. వెనక వాడి టైర్లు కీచుమన్నాయి.

టిక్ అంది.

బండి ఆపి వెనక తలుపు తియ్యడానికి నాకు ధైర్యం చాలలేదు. తాళాలు ఒకసారి చూసుకున్నాను, ఇవాళ్టితో ఆఖరేమో అని. చివరికి వెళ్ళి ఒక్కొక్క దుప్పటీ తీసి చూస్తే అద్దాలన్నీ బాగున్నాయి. పగిలింది సీటు కింద పెట్టుకున్న నా టీ గ్లాసు. అక్కడే రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాను.

సాయంత్రం ఆ మనిషి షాపుకే వచ్చాడు. నేను కత్తెర చేత్తో పట్టుకున్నాను. ఆయన చేతులు కట్టుకుని, "అమ్మా, మూడో పేరాలో 'కావున' తర్వాత ఏముంది? తలుపు గడియ అడ్డొస్తోంది, వారం రోజులుగా ప్రయత్నిస్తున్నాను" అన్నాడు.

అదీ సంగతి మామయ్యా.

వచ్చే బుధవారం డ్యాన్సు స్కూలుకి గోడంత అద్దం తీసుకుపోవాలి. షాపు పుట్టాక అంతటిది చెయ్యలేదు. "అది క్షేమంగా చేరితే తాళాలు నీవే, మళ్ళీ ఆ మాట ఎత్తను" అన్నాడు యజమాని. చేరకపోతే ఏమిటో చెప్పలేదు, అల్లుడి వంక చూశాడు. ఆ రోజుకి నేను ఒక ఏర్పాటు చేసుకుంటున్నాను. అయ్యాక రాస్తాను.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క.: 'కావున' తర్వాత ఏముందో నేనూ చూశాను. "కావున ఇంత దగ్గరగా రావలదు" అని ఉంది.

---

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

ముందు నువ్వు క్షేమంగా ఉన్నావో లేదో రాయి. నా గుండె ఇంకా కుదుటపడలేదు.

నా అక్షరాల కోసం ఒక మనిషి వెతుక్కుంటూ షాపుకి వచ్చాడని చదివాక కాలు నిలవలేదు. నడుస్తున్న బండి మీద నా బోర్డు ఎలా ఉంటుందో చూడాలనిపించింది. మీ అత్తయ్యకి పళ్ళ డాక్టరని చెప్పి, అద్దెకారు మాట్లాడుకుని బుధవారం బయల్దేరాను. క్వారీ రోడ్డులో దూరంగా నీ వ్యాను కనబడింది. "ఇంకాస్త దగ్గరగా పోనీ" అన్నాను. "ఇంత దగ్గర మంచిది కాదు సార్" అన్నాడు డ్రైవరు. "ఫర్వాలేదు, మా మేనకోడలే" అన్నాను. నువ్వు వింటావని హారన్ కూడా కొట్టించాను. అక్షరాలు కంటికి ఆనక, కిటికీలోంచి తల బయటికి పెట్టాను.

మలుపు తిరిగామో లేదో, నీ బండి ఉండాల్సిన చోట ఎదురుగా ఇంకో కారు. తిన్నగా మా మీదికే వస్తోంది. దాని కిటికీలోంచి ఒక ముసలాడు మెడ బయటికి చాచి అరుస్తున్నాడు. నేను చెప్పలేదూ? కళ్ళు రెండూ దగ్గరదగ్గరగా, గడ్డం ముందుకి, నోరు మూతపడకుండా. చెవికి ఎర్రగా ఏదో వేలాడుతోంది, మెడలో మరకల గుడ్డ. చూడగానే ఒళ్ళు మండింది. ఈ వయసులో ఇదేం రోగం అని గట్టిగా తిట్టాను. వాడూ అంతే గట్టిగా తిట్టాడు. మా డ్రైవరు బ్రేకు తొక్కాడు, నా కళ్ళజోడు ఊడి దారానికి వేలాడింది. మేం ఆగగానే వాడు జడిసి వెనక్కి వెనక్కి పోయి మలుపులో మాయమయ్యాడు. రివర్సులో అంత వేగం నా జన్మలో చూడలేదు.

నీకూ నాకూ మధ్యకి వాడెలా వచ్చాడు? నిన్నేమైనా చేశాడా? పెద్ద అద్దం ఏమైంది? డ్రైవరు ఇక ముందుకి రానన్నాడు. పాపం బాగా అదిరినట్టున్నాడు, దారంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గుతూనే ఉన్నాడు.

వాడెవడో కనుక్కుని ఫోటో సంపాదించి పంపు. వాడి బొమ్మ వేసి, కింద వాడి గుణం రాసి, నాలుగు రోడ్ల కూడలిలో పెడతాను.

ఇట్లు,
మామయ్య

తా.క.: వాడి నంబరు ప్లేటు చూశాను. దొరక్కుండా అక్షరాలన్నీ తిరగేసి రాయించుకున్నాడు. ఒకటి ఒప్పుకోవాలి, అంత శుభ్రంగా తిరగరాయడం నాకు కూడా చేతకాదు.

---

మామయ్యకి నమస్కారాలు.

నేను క్షేమం. పెద్ద అద్దం క్షేమం. తాళాలు నా దగ్గరే ఉన్నాయి, ఇక ఉంటాయి. యజమాని అల్లుడు ఇప్పుడు కూర్చుని టీ తాగుతున్నాడు.

నీ బోర్డు చదవడానికే అందరూ మీదికొస్తున్నారని ఆ పెద్దమనిషి వచ్చిన రోజే అర్థమైంది. నీకు చెప్పడానికి నోరు రాలేదు. బోర్డు తీసి షాపు గోడకి తగిలించాను. అందరూ నిలబడి చదువుకుంటున్నారు, బూడిద కారాయనకి మూడో పేరా కంఠతా వచ్చేసింది. బోర్డు ఉన్న చోట నేను షాపు సరుకులోంచే ఇంకొకటి బిగించాను. వెలుతురు కళ్ళలో కొట్టకుండా, బాగా మసకబారిందాన్ని ఏరుకున్నాను. దగ్గరికి వచ్చినవాడికి ఎదురుగా ఒక బండి తన మీదికే వస్తున్నట్టు కనబడుతుంది, దెబ్బకి వెనక్కి తగ్గుతాడు. ఆ రోజు దారంతా ఎవరూ దగ్గరికి రాలేదు.

ఒక్కరు తప్ప. మలుపు దగ్గర హారన్ మోగింది, టైర్లు కీచుమన్నాయి, వెనక గోడంత అద్దం తాళ్ళని ఒక్క గుంజు గుంజింది. నేను ప్రాణాలు ఉగ్గబట్టుకుని పక్క అద్దంలోంచి చూశాను. మెడ చాచి అరుస్తున్న ఆ మనిషిని నేనూ చూశాను మామయ్యా. చూడగానే గుర్తుపట్టాను. ముందు ఆయన తల ఎక్కడ తగులుతుందోనని నా గుండె ఆగింది. క్షేమంగా ఆగారని తెలిశాక, ఇంత దూరం ఎవరి కోసం వచ్చాడో తెలిశాక, బండి నడుపుతూనే ఏడ్చాను, నవ్వాను కూడా.

ఫోటో అడిగావు. దొరకలేదు. ఫోటో కంటే బాగా తెలిసేది పార్సిల్లో పంపుతున్నాను. కోత బల్ల దగ్గర నా చేత్తో కోసి, అంచులు నున్నగా అరగదీశాను. పొద్దున గడ్డం గీసుకునే వేళకి విప్పు, కళ్ళజోడు పెట్టుకుని చూడు. వాడు నీకు కనబడతాడు. కూడలిలో బోర్డు పెట్టాలో వద్దో ఆ తర్వాత నీ ఇష్టం.

అత్తయ్యకి నమస్కారాలు.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క.: మరీ ముఖానికి దగ్గరగా పెట్టుకోకు. దయచేసి ఎడముగా పట్టుకొనగలవు.