అతిథుల పట్టికలో లేని పేరు

ప్రెరోవ్, ఫిబ్రవరి 11

గౌరవనీయులైన దోబ్రిల గారికి,

ఒటకర్ హవ్రానెక్ నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం, నా ఎడమ మోకాలు కాదు. అక్కడ మీరూ, మీ అంజూరపు చెట్టూ, మీ మేడమెట్లూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఇక్కడ మంచు ఇంకా కరగలేదు. అయినా క్రిస్మస్ చేప అరిగిన మర్నాటి నుంచే మా చెక్ దేశంవాళ్ళు మీ సముద్రం గురించి మాట్లాడుకోవడం మొదలుపెడతారని మీకు తెలుసు. సముద్రం లేని దేశంలో పుట్టినవాడికి బతుకంతా జూన్ కోసం ఎదురుచూపే. ఎప్పటిలాగే రెండో శనివారం దిగుతాను. ఎప్పటి గదే, అంజూరం వైపు కిటికీ ఉన్నది.

ఇక అసలు సంగతి. ఈసారితో మీ ఇంటికి రావడం నాకు ఇరవై ఐదోసారి. వరసగా ఇరవై ఐదేళ్ళు వచ్చిన అతిథికి మీ పర్యాటక కార్యాలయం వాళ్ళు రేవుగట్టు మీద బ్యాండు పెట్టి, మైకులో పేరు చదివి, పటం కట్టిన పత్రమూ ఓ సీసా ఆలివ్ నూనే ఇస్తారు కదా. నిరుడు బ్ర్నో నుంచి వచ్చిన దంపతులకిచ్చినప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను. చేతులు కొట్టాయి గానీ మనసు కొట్టలేదు. నలభై ఏళ్ళు రైల్వే సిగ్నల్ క్యాబిన్‌లో లీవర్లు లాగాను. లక్షలమంది నా చేతిమీదుగా సెలవులకి పోయారు, ఒక్కరూ నా పేరడగలేదు. మా ఆవిడ పోయాక ఈ తొమ్మిదేళ్ళలో ఇంట్లోనూ ఎవరూ పిలవలేదు. ఒక్కసారి మైకులో వినాలని ఉంది.

కొత్త టై కొన్నాను. పెళ్ళికా, చావుకా అని షాపువాడు అడిగాడు. రేవుకి అన్నాను.

ఇట్లు,
మీ ఇరవై నాలుగేళ్ళ అతిథి
ఒటకర్

తా.క.: సముద్రం ఎలా ఉంటుందని కింది అంతస్తు మిలుష గారు అడిగింది. ఉప్పగా ఉంటుందన్నాను. నా పూలకుండీలకి నీళ్ళు పోసేదీ, సూప్ తెచ్చిపెట్టేదీ ఆవిడే.

*

సుహ లూక, హ్వార్ ద్వీపం, మార్చి 2

ఒటకర్ గారికి,

దోబ్రిల రాసేది. ఆలివ్ కొమ్మలు నరుకుతున్నాం. వేళ్ళన్నీ గీరుకుపోయి ఉన్నాయి, అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకండి.

రండి. మీ గది మీదే. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. ఈ ఏడు మీ పేరు నేను పర్యాటక కార్యాలయంలో రాయించను. ఎందుకని అడక్కండి. వచ్చాక మెట్లమీద కూర్చుని చెబుతాను. కొన్ని మాటలు కాగితమ్మీద పెడితే ముందు పోస్టుమాన్ స్తిపె చదువుతాడు. ఉత్తినే అనడం లేదు, నిజంగానే చదువుతాడు. మీ మోకాలు ఎలా ఉందని నిన్న నన్ను అడిగాడు.

గ్రాజ్ ఊరి మందులషాపు అలోయిస్ గారు కూడా ఆ శనివారమే దిగుతున్నారు. ఆయనకీ ఇది ఇరవై ఐదోసారేనట. ఆయన ఫారం నింపి ఇచ్చేశాను.

శుభం కోరే,
దోబ్రిల మరినోవిచ్

తా.క.: ఈ మిలుష ఎవరు? ఊరికే అడిగాను.

రెండో తా.క.: సూప్ వారానికి ఎన్నిసార్లు?

*

ప్రెరోవ్, మార్చి 13

శ్రీమతి మరినోవిచ్ గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కళ్ళజోడు తుడుచుకుని నాలుగోసారి చదివాను. అక్షరాలేం మారలేదు.

అలోయిస్! జలుబు చేసిందంటే లాటిన్‌లో జవాబు చెప్పే మనిషి! ఆయన పొద్దున్న కారెక్కి, సాయంత్రానికి మీ రేవులో కాళ్ళు తడుపుకుంటాడు. నేను మూడు బండ్లు మారి, వేయించిన ష్నిట్జెల్ మాంసం డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఓడెక్కి వస్తాను. మీవారు ఫ్రానె గారు కన్నుమూసిన ఏడు మీ పైకప్పు పెంకులు సర్దిందెవరండీ? నేను. అలోయిస్ కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాడు, అదీ ఒంటిచేత్తో. రెండో చేతిలో ఐస్‌క్రీం.

ఎనభై మూడులో మా స్టేషన్లో ఒక గూడ్సు బండిని పట్టికలో రాయడం మరిచారు. మూడు రోజులు పక్క లైనులో పడి ఉంది. దాన్నిండా పందులు. పట్టికలో లేని బండి, లేని బండే అన్నాడు మా స్టేషన్ మాస్టరు. పందులు ఒప్పుకోలేదు. ఆ గోల చౌరస్తా దాకా వినిపించింది. ఇప్పుడు ఆ బండి ఎవరో మీకు వేరే చెప్పాలా?

మైకులో ఒక్క ఆయన పేరే వినపడాలని మీ కోరికైతే ఆ మాటే చెప్పండి, సరిపోతుంది.

ఇట్లు,
లేని బండి
ఒ. హవ్రానెక్

తా.క.: మిలుష గారు గ్రీసు బస్సుయాత్ర పుస్తకం తెచ్చి చూపించింది. అక్కడా సముద్రముందట. అదీ ఉప్పగానే ఉందట.

రెండో తా.క.: సూప్ నాలుగుసార్లు. చలి ఎక్కువైతే ఐదు.

*

సుహ లూక, ఏప్రిల్ 1

హవ్రానెక్ గారికి,

నాలుగు రోజులుగా యూగో వీస్తోంది. ఆ దక్షిణపు గాలి వీచేటప్పుడు మా ద్వీపంలో పెళ్ళిమాటలు మాట్లాడరు, పొలాలు అమ్మరు, ఉత్తరాలు రాయరు. నేను రాస్తున్నాను. ఏం జరిగినా పూచీ గాలిది.

నా మాట కన్నా మైకు మాటే మీకు గొప్పని తెలిసింది. వచ్చాక చెబుతానంటే మూడు నెలలు ఆగలేకపోయారు. నలభై ఏళ్ళు ఎర్రదీపం చూపించి బండ్లని ఆపిన మనిషి! ఇంకోళ్ళని ఆపడం వేరు లెండి.

అలోయిస్ గారు నా ఆకుకూర తిని బాగుందని చెబుతారు. మీరు తినేసి పళ్ళెం ముందుకు తోస్తారు. మెచ్చుకున్నట్టు అదేనని నేనే సర్దిచెప్పుకున్నాను ఇన్నేళ్ళూ. వెళ్ళండి గ్రీసుకి. చేపల్లో ముళ్ళు తీసిపెట్టమని ఆవిణ్ణే అడగండి. రైల్వే మనిషికి ముళ్ళు తీయడం రాదని ఇరవై నాలుగేళ్ళు తీసిపెట్టిన పిచ్చిదాన్ని నేను.

ఇంతే సంగతులు,
దోబ్రిల

తా.క.: నేలమాళిగలో మీరు దాచుకున్న గొడుగు బయటపెట్టాను. బూజు పట్టిందని. వేరే అర్థం తీసుకుంటే తీసుకోండి.

రెండో తా.క.: ఆ మిలుషకి మొగుడున్నాడా?

*

ప్రెరోవ్, ఏప్రిల్ 20

గదుల యజమానురాలు శ్రీమతి మరినోవిచ్ గారి సముఖానికి,

గొడుగు బయటపెట్టారన్నమాట.

మా చెక్ వాళ్ళలో ఏ సముద్రం ఎవరిదో ఎలా తెలుస్తుందో మీకు తెలుసు. ఏ ఇంటి నేలమాళిగలో మన గొడుగూ మడతకుర్చీ చలికాలం గడుపుతాయో ఆ ఇంటి ముందున్న సముద్రం మనది. ఈ ఉత్తరం రాసే నిమిషానికి నాకు సముద్రం లేదు.

కనుక తెలియజేయునది ఏమనగా, గ్రీసు బస్సులో రెండు సీట్లు ఖాయమయ్యాయి. జూన్ మొదటి వారం. రెండు. పక్కపక్కన. టికెట్లు నేనే స్వయంగా వెళ్ళి కొన్నాను. అలోయిస్ గారికి నా అభినందనలు. నూనె సీసా ఆయనే తాగుగాక.

ఇట్లు,
ఇదివరకటి అతిథి

తా.క.: మిలుష గారి భర్త పోయాడు. చాలా మంచివాడు.

రెండో తా.క.: నా గది ఆయనకే ఇస్తే, కిటికీ తలుపు కాస్త పైకెత్తితే గాని మూసుకోదన్న సంగతి చెప్పకండి. తన తిప్పలేవో తననే పడనివ్వండి.

*

సుహ లూక, మే 12

హవ్రానెక్ గారికి,

సంతోషం. చాలా సంతోషం. నేనూ ఇక్కడ చాలా సంతోషంగా ఉన్నాను. పక్కింటి యెర్క వచ్చి, "ఏమిటే దోబ్రిలా, పొద్దుట్నుంచీ గిన్నెలు పగులుతున్నాయి?" అంది. సంతోషమే అన్నాను.

సెలవు,
దోబ్రిల

తా.క.: రెండు సీట్లంటే చాలు. పక్కపక్కన అని విడిగా రాయక్కర్లేదు.

*

ప్రెరోవ్, జూన్ 4
నీ వంటింటి బల్ల దగ్గర

ఒటకర్,

'గారు' రైల్లో మరిచిపోయాను. ఇక దొరకదు.

ఈ ఉత్తరం నా ఇంటి చిరునామాకే పంపుతున్నాను, ఎందుకంటే నువ్వు వెళ్ళింది అక్కడికే. యెర్కకి ఫోన్ చేసి, తాళంచెవి నీకిమ్మన్నాను. మిగతాది ఫోన్లో చెబితే సాయంత్రానికి ద్వీపమంతా వింటుంది. ఉత్తరమైతే స్తిపె ఒక్కడే.

ముందు నిజం చెప్పేస్తాను. నేను నీకోసం రాలేదు. ఆ మిలుష మొహం ఎలా ఉంటుందో చూద్దామని వచ్చాను. ఓడెక్కి, మూడు బండ్లు మారి, మీ మెట్లెక్కి తలుపు కొడితే తీసింది ఆవిడే. చేతిలో నీళ్ళ చెంబు. మొహం బాగుంది. అదే నాకు నచ్చలేదు.

"ఆయన లేడమ్మా! పొద్దున్న తొమ్మిది బండికి పోయాడు," అంది. "టై కట్టుకుని, 'ఆ గ్రాజ్ వాడు దిగేలోపల నేనక్కడుండాలి' అని గొణుక్కుంటూ పోయాడు."

"మరి గ్రీసు?" అన్నాను.

"గ్రీసుకి నేనూ మా చెల్లెలూనండి! ఆయన టికెట్లు కొనిపెట్టాడంతే. మీరు... దోబ్రిల గారేనా? అయ్యయ్యో, కూర్చోండి! నాలుగు నెలల్నుంచీ నేను సూప్ తెస్తుంటే ఈయన మీ చేపల కబుర్లు చెబుతున్నాడు."

కూర్చున్నాను. ఆ సూప్ తాగాను. ఉప్పు లేదు. మనసు తేలికపడింది.

నువ్వు తొమ్మిదికి ఎక్కావు, నేను పదకొండుకి దిగాను. దారిలో ఎక్కడో నీ బండీ నా బండీ పక్కపక్కనే దాటుకుపోయాయి. బండ్లు ఎదురుపడకుండా చూడటం నీకు అంత బాగా అలవాటైపోయింది.

ఇక నీ పేరు సంగతి. ఫిబ్రవరిలో ఫారాలు తీసుకుని కార్యాలయానికి వెళ్ళాను. "హవ్రానెక్ గారు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా?" అని అడిగింది అక్కడి అమ్మాయి. "ఏ తేదీ దాకా అన్నది రాయకపోతే?" అన్నాను. "వెళ్ళే తేదీ లేకపోతే అతిథి కాదండీ, ఇంట్లో మనిషి. ఇంట్లోవాళ్ళ పేర్లు మేం రాసుకోం," అంది. అందుకని రాయించలేదు.

వెళ్ళే తేదీ నేను పెట్టలేదు. పెట్టుకోవాలంటే నువ్వే పెట్టుకో. జవాబు ఉత్తరంలో రాయకు.

నేను మాత్రం ఇప్పుడే రాను. అరవై ఆరేళ్ళలో నేను సెలవుకి వచ్చిన మొదటి ఊరు ఇది. ఎవరి పక్కబట్టలూ ఉతకక్కర్లేదు. ఎటు చూసినా సముద్రం లేదు, ప్రాణం ఎంత హాయిగా ఉందో! గ్రీసు బస్సెక్కే దాకా మిలుష నన్ను ఊరంతా తిప్పి చూపిస్తానంది. రెండు వారాలుంటాను.

అలోయిస్ శనివారం దిగుతాడు. పై గదిలో దుప్పటి మార్చు. ఆయనకి రెండు దిళ్ళు కావాలి. పొద్దున్న ఆకుకూర కోసుకో. ఆదివారం రేవుగట్టు మీద బ్యాండు. పత్రం అతిథి చేతికిచ్చేది ఆ ఇంటివాళ్ళే, అది మా ఊరి పద్ధతి. నేను ఊళ్ళో లేను. నువ్వే ఇవ్వాలి. మైకులో ముందు చదివేది ఇంటివాళ్ళ పేరు. అతిథి పేరు ఆ తర్వాతే.

నీ
దోబ్రిల

తా.క.: నవ్వుతూ ఇవ్వు. ఫొటో తీస్తారు.