రక్తపిశాచికి రాగిసంగటి

పెనుకొండ కోట,
మంగళవారం

ఒరే దాసా,

నీ ప్రభువు నారాయణప్ప నాయకుడు తన చేత్తో రాస్తున్న ఉత్తరం ఇది. నిన్ను ధర్మవరం పంపి నెల దాటింది. చెప్పిన పని ఒక్కటే. మంచి మాటకారిని ఒకణ్ణి చూసి, మెడ కొరికి, మనలాగే చావులేని రక్తపిశాచిని చేసి నాకు తోడుగా తీసుకురమ్మన్నాను. మూడువందల ఏళ్లుగా ఈ కొండమీద నాకు నువ్వు, నీకు నేను. పులిజూదం ఆడితే ప్రతిసారీ నేనే గెలుస్తాను. నువ్వు కావాలనే ఓడిపోతావని నాకు తెలియదనుకున్నావా?

త్వరగా రా.

నీ ప్రభువు,
నారాయణప్ప నాయకుడు

తా.క.: నువ్వు పోయినప్పటి నుంచి రెండు పక్కలా నేనే ఆడుకుంటున్నాను. ఇప్పుడూ నేనే గెలుస్తున్నాను. ఏం లాభం?

~

ధర్మవరం,
శనివారం

నాయకుల వారి పాదాలకు దాసప్ప వెయ్యి దండాలు.

పని కాలేదు దొరా. తప్పు నాది కాదు, ఈ ఊరిది. పిలవనిదే ఇంట్లో కాలుపెట్టరాదన్నది మన నియమం కదా. ఇక్కడ వాకిట్లో నిలబడితే చాలు, పిలిచేస్తారు. "ఎవురప్పా నువ్వు, ఈడే నిలబడుకున్యావు? లోపలికి రా" అంటారు. లోపలికి పోయి కోరలు బయటపెట్టేలోపే ముందర తట్ట పెడతారు. రాగిసంగటి, పక్కన ఊరిబిండి. వద్దంటే నొచ్చుకుంటారు. తిన్నాక ఆ ఇంటి మెడమీద పన్ను ఎట్లా పెట్టేది? ఉప్పు తిన్న ఇంటికి కీడు చేయరాదని నేర్పింది మీరే. ఏడు ఇళ్లు తిరిగాను, ఏడు పూటలు తిన్నాను.

మీ బంటు,
దాసప్ప

తా.క.: ఊరిబిండిలో వెల్లుల్లి దండిగా వేస్తారు. ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఏడో ఇంటి నాగరత్నమ్మవ్వ వేపాకు నూరి పూసింది. ఇప్పుడు ఆమె ఇంట్లోనే ఉన్నాను. ఆమె నాకంటే రెండువందల అరవై ఏళ్లు చిన్న, అయినా అవ్వా అనే పిలుస్తాను.

తా.క. 2: ఇక్కడివాళ్లు ఫోన్ కొనమన్నారు. సిమ్ కావాలంటే ఫోటో తీయాలట. మనం ఫోటోలో పడం కదా, ఇద్దరం ఉత్తరాలకే రాసిపెట్టి ఉన్నాం.

~

పెనుకొండ కోట,
బుధవారం

ద్రోహి దాసప్పకు,

అర్థమైంది. ఒక్క తట్ట సంగటితో నా బంటును లాక్కున్న ఆ నాగరత్నమ్మ మామూలు మనిషి కాదు. నాకంటే పాత రక్తపిశాచి అయి ఉండాలి. ఆమె బలగం ఎంత? ఆయుధమేమిటి? ఆమె మాట ఎవరెవరు వింటారు? వెంటనే రాయి. అలాంటిదాన్ని గెలిచి తెచ్చుకుంటేనే నాకు సరైన తోడు.

ఇప్పటికీ నీ ప్రభువే అయిన
నారాయణప్ప నాయకుడు

తా.క.: ఊరిబిండి అంటే ఏమిటి?

~

ధర్మవరం,
ఆదివారం

నాయకుల వారికి దండాలు.

అడిగినవన్నీ దాచకుండా రాస్తున్నాను. అవ్వకు బలగం లేదు. చేతిలో ఉండేది దారాన్ని అటూ ఇటూ నడిపే మగ్గం నాడె. ఆమె మాట వినని వాళ్లు ఈ వీధిలో లేరు. కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినతను కూడా కూర్చుని తినే పోయాడు.

ఆమె నేసేది కుట్టు అంచు చీర. దానికి ఇద్దరు కావాలి. ఒకరు నేస్తుంటే, ఇంకొకరు పక్కన కూర్చుని అంచు నాడె అందించాలి. నలభై ఏళ్లు ఆ పక్కన కూర్చున్న భర్త కుళ్ళాయప్ప పోయి రెండేళ్లైంది. ఆ చోటు ఖాళీగా ఉంటే నేను కూర్చున్నాను.

దొరా, మూడువందల ఏళ్లలో మిమ్మల్ని ఒక్కటీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఆమె మెడ జోలికి రావద్దు. ఆమెకు చావు లేకుండా చేస్తే, కుళ్ళాయప్ప దగ్గరికి ఎప్పుడు పోతుంది?

దాసప్ప

తా.క.: రేపు పట్టు కోసం హిందూపురం పోతున్నాను, పదిహేను రోజులు పడుతుంది. ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంటుంది.

తా.క. 2: అవ్వ ఇంటి అద్దంలో నిన్న పొగలాగా ఏదో కనబడింది. దుమ్మేమో, తుడవాలి.

~

ధర్మవరం, నాగరత్నమ్మ ఇల్లు,
సోమవారం

తమ్ముడు దాసప్పకు,

నీ ఉత్తరం అందిన సాయంత్రమే వచ్చాను. కొరకడానికే వచ్చాను, అబద్ధం ఎందుకు? వాకిట్లో నిలబడితే, ఆమె మగ్గం మీంచి తల ఎత్తకుండానే, "పెనుకొండ నాయకుడివి గదా? దాసప్ప చెప్పినాడు. కాళ్లు కడుక్కోని రా. తిన్యావా?" అంది.

నన్ను చూసి దండం పెట్టినవాళ్లున్నారు, పరుగెత్తినవాళ్లున్నారు. తిన్నావా అని నా నాలుగువందల ఏళ్ల బతుకులో ఎవరూ అడగలేదు. నాకు ఏడుపొచ్చింది. కూర్చుని మూడు ముద్దలు తిన్నాను. ఊరిబిండి అంటే వెల్లుల్లి వేసి నూరిన శనక్కాయల పచ్చడని తెలిసింది. వేపాకూ పూయించుకున్నాను.

మనం ఎవరమో చెప్పేశాను. "మొదటి దినమే తెలుసప్పా. దాసప్ప అద్దంలో కనపడల్యా. ఆకలైనోనికి అద్దం ఎందుకు?" అని నాడె నా చేతిలో పెట్టింది.

నువ్వు చూసింది దుమ్ము కాదు. కుళ్ళాయప్ప ఒకప్పుడు గడ్డం గీసుకున్న అద్దంలో నిన్న నా ముక్కు కనబడింది. ఈరోజు ముఖమంతా. చెవి మీద ఒక తెల్ల వెంట్రుక. తిన్న ఉప్పు ఒంటికి పట్టింది తమ్ముడూ. మనమూ అందరిలాగే పోతాం. భయపడతాననుకున్నాను, పడలేదు. ఇక నువ్వు నా బంటువు కాదు. వచ్చి నాతో ఆడు, చేతనైతే గెలువు.

నీకు రుణపడ్డ అన్న,
నారాయణప్ప

తా.క.: అవ్వ నన్ను పులిజూదంలో మూడుసార్లు ఓడించింది. అయ్యో పాపం అని కూడా అనలేదు. ఎంత హాయిగా ఉందో.

తా.క. 2: కొంచెం జ్వరం వస్తే ల్యాబ్ నుంచి చందన అనే అమ్మాయి వచ్చి, సూది గుచ్చి నా రక్తం మూడు గొట్టాలు తీసుకుపోయింది. నా రక్తం! షుగర్ ఉందట. అన్నం మానేయాలట, సంగటి తినొచ్చట. బతికిపోయాను.