గాట్లు కొట్టించిన రోలు

జగదల్‌పూర్ రైల్వే క్వార్టర్స్,
1994 మార్చి 9, బుధవారం.

పూజ్యులైన అత్తయ్యగారి పాదాలకు కోడలు ప్రమీలారాణి మొక్కి రాయునది. ఇక్కడ మీ అబ్బాయి క్షేమం, నేను క్షేమం, రోలు క్షేమం. మీ ఉత్తరంలో మొదట రోలు సంగతి అడిగి, ఆయన సంగతి నాలుగో వాక్యంలో అడిగారు. నేనూ ఆ వరసలోనే రాద్దామనుకున్నాను గానీ ఆయన పక్కనే నిలబడి చూస్తున్నారు. కొత్తవలసలో వదినగారు, పిల్లలు, మీ మోకాళ్ళు అందరూ బాగున్నారని తలుస్తాను.

మీరడిగిన వాటికి జవాబులు. ఆయన చిక్కిపోయారన్నది నిజమే. నేను రోజూ క్యారేజీ కట్టే పంపుతున్నాను. బండి బొర్రా గుహల దగ్గర ఆగినప్పుడు గార్డుగారైన మీ అబ్బాయే సగం కోతులకి పెడుతున్నారట. ఇందులో నా తప్పేమీ లేదు, ఆయన్నే అడగండి.

"పూసలు చేసే ఉద్యోగమట కదా, మీ వదినకో దండ గుచ్చి పంపు" అని రాశారు. అయ్యో అత్తయ్యగారూ, అవి మెళ్ళో వేసుకునే పూసలు కావు! నూనె బావిలో అడుగున బండ ఉంటుంది. నీళ్ళ ఒత్తిడితో దాన్ని చీలిస్తేనే నూనె బయటికొస్తుంది. ఒత్తిడి తీసేస్తే చీలిక మళ్ళీ మూసుకుపోతుంది. అలా మూసుకోకుండా ఆవగింజంత పూసల్ని నీళ్ళతోపాటు లోపలికి తోస్తారు. పైన కొండంత బరువు పడ్డా అవి నలక్కూడదు. కేశ్‌కాల్ ఎర్రమట్టిని, అంటే బాక్సైట్‌ని, మెత్తగా పొడిచేసి, పూసలుగా దొర్లించి, బట్టీలో కాల్చి, ప్రెస్సు కింద పెట్టి నలిపి చూడటమే నా ఉద్యోగం. రెండేళ్ళుగా నూటికి ఇరవై నలిగిపోతూనే ఉన్నాయి. మా ల్యాబు పెద్ద పాణిగ్రాహి సాబ్ ముఖం కూడా వాటితోపాటే నలిగిపోయింది.

ఇంక మీ మూడో ప్రశ్న. "రోలుకి గాట్లు కొట్టించావా? కొట్టించాక తవుడు రుబ్బి పారేశావా? లేకపోతే పిండిలో రాయి తగులుతుంది" అని అడిగారు. గాట్లు కొట్టించాను. తవుడు రుబ్బలేదు. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరిస్తే ఎలా, మిగతాది కూడా చెప్పేస్తాను.

సంక్రాంతి వెళ్ళిన మర్నాడే నూనె కంపెనీ వాళ్ళు పూసలు చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. సరిగ్గా ఆ రోజే ల్యాబులో పొడి కొట్టే మర మోటారు కాలిపోయింది. రెండు కేజీల మట్టి కావాలి, పొద్దుటికల్లా కావాలి. నేనూ, ల్యాబులో జల్లెడ పట్టే కమ్లీ, మట్టి డబ్బా నెత్తిన పెట్టుకుని మనింటికి వచ్చాం. మీ రోట్లో పోసి రుబ్బాం. అవునండీ, మీ రోట్లోనే. పెసరట్టు తప్ప ఇంకోటి ఎరగని రోట్లో బాక్సైట్ రుబ్బాను. కమ్లీ పొత్రం తిప్పుతుంటే నేను ఎగదోశాను. చూస్తే అచ్చం గోంగూర పచ్చడిలా ఉంది. మీ అబ్బాయి డ్యూటీ దిగి వచ్చి వేలు పెట్టి నాకబోయారు కూడాను.

ఆ పూసలు నూటికి నాలుగే నలిగాయి! సాబ్ ప్రెస్సు పాడైపోయిందనుకుని మూడుసార్లు నలిపించారు. మూడుసార్లూ నాలుగే. కంపెనీ వాళ్ళు చేతులు కలిపి, ఇలాంటివే ఇంకో యాభై కేజీలు మార్చి నెలాఖరుకి పంపండి, పంపితేనే పని ముందుకెళ్తుంది అని చెప్పి వెళ్ళారు. పని ఆగితే నా కాంట్రాక్టూ ఆగుతుంది.

మర బాగుచేయించి మళ్ళీ చేశాం. నూటికి ఇరవై నలిగాయి. ఎవరికీ తెలియకుండా మీ రోట్లో మళ్ళీ రుబ్బాను. పద్దెనిమిది. ఏడుపొచ్చింది. అప్పుడు కమ్లీ, "దీదీ, ఆ రోజు రాయికి కొత్తగా గాట్లు కొట్టించావు కదా, నూకలా రాలింది" అంది. అదీ సంగతి. తవుడు రుబ్బకపోవడం వల్ల మీ రోటి రాతిపొడి మట్టిలో కలిసింది. బట్టీలో అది కరిగి సందులన్నీ పట్టేసింది. సాబ్‌కి చెప్పక తప్పలేదు. ఇక్కడి కొండల రాళ్ళు ఏడు రకాలు పొడిచేసి కలిపి చూశాం. ఒక్కటీ పనికిరాలేదు. మీ రోటి రాయే కావాలట.

"రోలు పగలగొడదాం, ఏక్ కే బద్‌లే దో దేంగే" అన్నారు సాబ్. ఒకదానికి రెండు కొనిస్తారట. అత్తయ్యగారూ, మీ దగ్గర దాచను. నిన్న నేను సరే అన్నాను. ఉద్యోగం పోతుందని భయపడి అన్నాను. అసలు ఈ రోలంటే నాకు మొదట్నుంచీ పడదు. రోజూ ఇందులోనే రుబ్బుతున్నానని మీకు రాసినవన్నీ అబద్ధాలు. మంచం కింద మిక్సీ ఉంది. మీరొచ్చినప్పుడల్లా దాన్ని కమ్లీ వాళ్ళింట్లో దాచేదాన్ని.

ఈ పొద్దున జీపు వచ్చింది. ఇద్దరు మనుషులు గునపాలు పట్టుకుని దిగారు. నా నోట్లోంచి "ఆగండి" అని వచ్చింది. ఎందుకొచ్చిందో నాకే తెలీదు. లైను కొత్తగా వేసినప్పుడు మీరీ రోలుని గూడ్సు బండి బ్రేకు పెట్టెలో తెచ్చుకున్నారని, మామయ్యగారు పోయాక ఇందులో రుబ్బిన ఇడ్లీలే ప్లాట్‌ఫాం మీద అమ్మి మీ అబ్బాయిని చదివించారని మీరు చెబుతుంటే, ఎన్నిసార్లు చెబుతారో అని విసుక్కునేదాన్ని. గునపం చూసేసరికి అవన్నీ గుర్తొచ్చాయి. అది పగిలితే మీ ముఖం చూడలేను.

పక్కింటి ఫోన్లో సాబ్‌తో గట్టిగా చెప్పేశాను. రాయి ఏ కొండదో తెలిస్తే లారీడు తెప్పించుకోవచ్చు, రోలు జోలికి రావద్దు అని. ఆయన ఒప్పుకున్నారు గానీ, ఎల్లుండి దాకానే అన్నారు. ఆ కొండ సంగతి మీకు తప్ప ఎవరికీ తెలీదు. మీ అబ్బాయిని నోటితో అడిగి రమ్మంటే, "అమ్మతో నేను చెప్పలేను, నువ్వే రాయి" అని డ్యూటీ డ్రస్సు వేసుకుని నిలబడ్డారు. బండికి గంట టైముంది. ఎల్లుండి ఆయన తిరుగు బండిలో మీ జవాబు రావాలి. తిట్లన్నీ ముందు రాసుకోండి, ఎంత పొడుగైనా చదువుతాను. కాగితం అడుగున కొండ పేరుకి మాత్రం కాస్త చోటుంచండి.

ఇంకొక్క తప్పు మిగిలింది. రోలు మీద కూర్చోకూడదని మీరు లక్షసార్లు చెప్పారు. జీపు ఇంకా గుమ్మంలోనే ఉంది, గునపాల వాళ్ళు అరుగు మీద బీడీలు కాలుస్తున్నారు. సాబ్ ఒప్పుకున్నారంటే వాళ్ళు నమ్మడం లేదు. అందుకని పొత్రం పక్కకి తీసి, పైన పీట వేసుకుని కూర్చున్నాను. ఈ ఉత్తరం అక్కణ్ణుంచే రాస్తున్నాను. మీరు పేరు రాసేదాకా లేవను.

ఇట్లు,
మీ రోటిని, మీ మాటని రెంటినీ ఒకేసారి తొక్కిన
మీ కోడలు
ప్రమీలారాణి