రెండు కింగులు పడేసా, బావా

బావా,

నువ్వు లేకుండా మొదటిసారి మన పోకర్ పోటీ, నిన్న నందిగామలో మీ తమ్ముడింట్లో పెట్టాం. ఎప్పట్లాగే డబ్బుల్లేవు, తలా యాభై చింతపిక్కలు. మళ్ళీ ఓడిపోయా. ఒళ్ళు మండిపోతోంది.

నాకు రెండు కింగులొచ్చాయి. మీ తమ్ముడు పిక్కలన్నీ ఒక్కసారే ముందుకు తోసాడు. దిగితే నావీ అన్నీ పెట్టాలి. వాడి దగ్గర ఆసులున్నాయేమో, ఆటలో ఇంకాస్త నిలబడితే చాల్లే అని కింగులు పడేసా. తీరా చూస్తే వాడివి చెత్త ముక్కలు! ఆ తర్వాత ఆడినా మానినా ఆటాటకీ కట్టాల్సిన పిక్కలు పెరుగుతూ పోయాయి. కూర్చున్న చోటే కరిగిపోయా.

"ఒరేయ్ బామ్మర్దీ, దాచుకున్న పిక్కలతో పులుసు కూడా పెట్టుకోలేవురా!" అని నువ్వైతే అరిచేవాడివి. నువ్వు గెలిస్తే అన్నీ గెలిచేవాడివి, లేదంటే అందరికంటే ముందే ఓడి మాకు టీ పెట్టేవాడివి.

నిన్న టీ అక్క పెట్టింది. "కింగులు ఎందుకు పడేశావురా?" అనడిగింది.

"కాసేపు చూద్దామని" అన్నా.

గ్లాసు నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి లోపలికెళ్ళిపోయింది.

ఆ రోజు జగ్గయ్యపేటలో నీ కొట్లో నువ్వు ఛాతీలో మంటగా ఉందంటే, వెంటనే బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్దామని అక్క ఏడుస్తుంటే, నేనన్నదీ ఆ మాటే.